తాళం పడ్డదా లేదా: చూసినకొద్దీ పెరిగే అనుమానం

ఇంటికి తాళం వేశాక ఒకసారి గుంజి చూడటం ఓసీడీ అనే మానసిక జబ్బు కాదు. పాలమూరు పల్లెల్లో ఆ అలవాటు వెనుక బతుకు లెక్క ఉంది. ముంబైకో పుణెకో వలస పోయిన కుటుంబం మళ్లీ ఊరి మొఖం చూసేది నెలల తర్వాతే. అన్ని రోజులూ ఇల్లు ఆ ఒక్క తాళం మీదే ఉంటుంది. గుంజి చూసి, పక్కింటావిడకు "జర మా ఇల్లు సూస్తుండు అక్కా" అని చెప్పి బస్సెక్కడం జాగ్రత్త. రైతు సంగతీ అంతే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా, రాత్రి షిఫ్టు కరెంటు కోసం నిద్ర లేచి బోరు కాడికి పోవడం మామూలు. చీకట్లో పురుగూ పుట్రా, తడి చేతులతో స్టార్టర్ డబ్బా. అలా పోయిన ప్రాణాలు ఈ జిల్లాల్లో ఉన్నాయి. ఫ్యూజు తీశానా లేదా అని రెండోసారి చూసుకున్న రైతును ఎవరూ వెక్కిరించరు.

నల్గొండలో నీళ్ల భయం కూడా గాలికి పుట్టింది కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎన్నో చోట్ల దాటింది. పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయి, నడుములు వంగిపోయిన మనుషులు ఇంకా కళ్లముందే ఉన్నారు. బిందె చూసి "ఈ నీళ్లు ఏడివి?" అని అడిగే తల్లి భయానికి ఆధారం ఉంది. ఆ భయానికి జవాబు కూడా ఉంది. నీళ్లు పరీక్ష చేయించవచ్చు. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తే బోరు నీళ్లు తాగడం మానేయవచ్చు. జవాబు దొరికితే అలాంటి బుగులు దానంతట అదే సడలుతుంది.

తేడా పట్టుకోవలసింది ఇక్కడే. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అందరూ ఓసీడీ అని పిలిచే జబ్బులో, భయం ఏ జవాబునూ తీసుకోదు. తాళం పడిందని కళ్లతో చూసినా, చేత్తో గుంజినా, ఇంట్లో నలుగురూ ఒట్టేసి చెప్పినా పది అడుగులు వేసేసరికి అదే ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. ఈ జబ్బుకు రెండు ముఖాలు. పిలవకుండా వచ్చి, పొమ్మన్నా పోని ఆలోచన ఒకటి. ఆ ఆలోచన పుట్టించే గాబరాను చల్లార్చుకోవడానికి చేయక తప్పదనిపించే పని రెండోది. రోజులో గంటకు పైగా ఇందులోనే పోతున్నా, లేదా చదువూ పనీ కాపురమూ దీనివల్ల దెబ్బతింటున్నా వైద్యులు దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. చాలామంది రోగులకు తాము చేస్తున్నది అర్థం లేని పని అని తెలుసు. తెలిసీ ఆపలేకపోవడమే వాళ్లను లోపల్లోపల తినేస్తుంది. "అంత తెలిసినోనివి, మరి ఎందుకు జేస్తవు?" అని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు వాళ్ల దగ్గర మాట ఉండదు.

నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేటకు రాత్రిపూట కారు నడుపుకుంటూ పోయే మనిషికి ఈ జబ్బు ఉంటే ఏమవుతుందో చూద్దాం. నకిరేకల్ దాటాక చక్రం ఒక గతుకులో పడి కుదుపు వస్తుంది. మిగతా డ్రైవర్లు ఆ కుదుపును అక్కడే మర్చిపోతారు. ఇతనికి మాత్రం గుండె ఝల్లుమంటుంది: ఎవరికన్నా తాకిందా? అద్దంలో చూస్తాడు, చీకటి. కొంత దూరం పోయి, డివైడర్ తెరిచి ఉన్న చోట బండి తిప్పి, వచ్చిన దారినే వెనక్కి పోతాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని మళ్లీ బయలుదేరతాడు. కేతేపల్లి వచ్చేలోపు ఇంకో సందేహం. దెబ్బ తగిలినవాడు పక్కన చెట్ల పొదల్లోకి ఎగిరిపడి ఉంటే? మళ్లీ తిప్పుతాడు. ఆ తిప్పే తొందరలో ఇంకెవరికైనా తాకించానేమోనన్న భయం కొత్తగా తోడవుతుంది. ముప్పావు గంట దారి మూడు గంటలవుతుంది. ఇంటికి చేరాక ఫోన్ లైటు వేసి బంపర్ మీద నెత్తురు మరక వెతుకుతాడు. పొద్దున్నే పేపర్ జిల్లా పేజీ తెరుస్తాడు. "గుర్తుతెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి" అన్న వార్త హైవే పక్క ఊళ్లలో తరచూ వచ్చేదే. ఎక్కడో చౌటుప్పల్ దగ్గర జరిగిందని, తాను ఆ వైపే పోలేదని తెలిసినా ఆ గుర్తుతెలియని వాహనం తనదేనని అతని మనసు తీర్పు చెప్పేస్తుంది. కొన్నాళ్లకు రాత్రి బండి నడపడం మానేస్తాడు. ఆ తర్వాత పగలు కూడా.

ఇంట్లో మనుషులకు ఇదంతా కనిపించదు. భార్యకు కనిపించేది ఆలస్యంగా వచ్చి, ముభావంగా తిని, నాలుగుసార్లు బయటికి పోయి కారు చూసొచ్చే మొగుడు. తాగుతున్నాడేమో, ఇంకేదైనా వ్యవహారం ఉందేమో అని ఆమె దిగులు ఆమెకు ఉంటుంది.

వేరే వేషాల్లోనూ ఇదే జబ్బు వస్తుంది. గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి, సిలిండర్ పక్కన కూర్చుని పదిసార్లు ముట్టుకుని చూసే ఇల్లాలు. గ్రూప్స్ పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద హాల్‌టికెట్ నంబరు దిద్దిన గడులనే తిరిగి తిరిగి చూసుకుంటూ, చివరి ముప్పై ప్రశ్నలకు సమయం చాలక బయటికొచ్చే విద్యార్థి. ఫోన్‌పేలో డబ్బు పంపాక చేరినట్టు మెసేజ్ వచ్చినా, అవతలి మనిషికి ఫోన్ చేసి మళ్లీ మళ్లీ అడిగే చిన్న వ్యాపారి. పత్తి చేనుకు మందు కొట్టిన రోజు చేతులు రుద్ది రుద్ది కడుక్కోవడం ఎవరైనా చేయాల్సిందే. మందు డబ్బా ముట్టి నెలలు గడిచినా, పిల్లలకు అన్నం కలిపే ముందు చేతులకు విషం అంటి ఉందేమోనని చర్మం ఊడేదాకా కడిగే తల్లిది ఈ జబ్బు కావచ్చు.

ఇన్నిసార్లు చూసినా నమ్మకం ఎందుకు కుదరదు? నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో ప్రచురించిన పరిశోధన దీనికి చాలా దగ్గరి సమాధానం ఇచ్చింది. ఏ జబ్బూ లేని విద్యార్థులను కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి, తెర మీది గ్యాస్ పొయ్యిని వెలిగించి, ఆర్పి, ఆరిందో లేదో చూడమన్నారు. కొందరి చేత అదే పొయ్యిని పదేపదే చూపించారు. ఇంకొందరికి మధ్యలో వేరే వస్తువు ఇచ్చారు. చివరికి, ఆఖరుసారి ఏ బర్నర్లు చూశారని అడిగితే రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా సరిగ్గా చెప్పాయి. కానీ పొయ్యిని పదేపదే చూసినవాళ్లకు ఆ జ్ఞాపకం మసకబారింది. అది నిజమేనన్న ధీమా పడిపోయింది. తర్వాత 2006లో కెనడాలో నిజమైన వంటింటి పొయ్యి మీద ఇదే ప్రయోగం చేస్తే ఫలితం మారలేదు.

దీని లోతు గమనించాలి. ఓసీడీ ఉన్నవాళ్లకు మతిమరుపు ఉందని, అందుకే చూస్తున్నారని అందరూ అనుకుంటారు. వాళ్లూ అదే అనుకుంటారు. ప్రయోగం చెప్పింది అందుకు తలకిందులు. ఒకే పనిని అచ్చం అదే తీరుగా ఇరవైసార్లు చేస్తే, ఏ ఒక్కసారికీ విడిగా గుర్తు మిగలదు. ఇప్పుడు చూసింది ఇందాకటిదా, నిన్నటిదా అన్నది కలగాపులగమవుతుంది. గుర్తు స్పష్టంగా లేదు కాబట్టి ఇంకోసారి చూస్తారు. చూసినందువల్ల గుర్తు ఇంకొంచెం మసకబారుతుంది. ఏ జబ్బూ లేని కుర్రవాళ్లలోనే ఒక్క కూర్చోవడంలో ఇంత జరిగితే, ఏళ్ల తరబడి రోజూ చూసే మనిషి పరిస్థితి ఏమిటో ఆలోచించుకోవచ్చు. "మంచిగ సూసుకోని పో" అన్న పెద్దల సలహా ఈ ఒక్క జబ్బులో ఎదురు తిరుగుతుంది.

చూసిన ప్రతిసారీ కాస్త ఉపశమనం మాత్రం దొరుకుతుంది. తామరను గోకినట్టే ఇది. గోకినంతసేపు హాయి, ఆ వెనకే రెట్టింపు దురద. చూడగానే గాబరా దిగింది కాబట్టి, గాబరా దిగాలంటే చూడాల్సిందేనని మెదడు నేర్చుకుంటుంది. చూడకుండా ఉంటే ఏమయ్యేదో నేర్చుకునే అవకాశమే దానికి చిక్కదు. మెదడు లోపలి సంగతులు కూడా కొంత తెలుసు. నుదుటి వెనుక భాగానికీ, లోతుగా ఉండే కాడేట్ అనే కేంద్రకానికీ మధ్య నడిచే సర్క్యూట్లు ఓసీడీలో అతిగా పనిచేస్తాయని స్కాన్లలో కనిపించింది. 1992లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన ఇంకో అడుగు ముందుకు పోయింది. మందుతో నయమైనవాళ్లలోనూ, మందు లేకుండా ప్రవర్తన చికిత్సతోనే నయమైనవాళ్లలోనూ కాడేట్‌లో ఒకే రకమైన మార్పు కనిపించింది. చేసే పనిని మార్చుకుంటే మెదడు నడకా మారుతుందన్నమాట. మానసిక బలహీనత అనో, చాదస్తం అనో తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు.

ఆలోచన వరకే అయితే రోగికీ మిగతావారికీ పెద్ద తేడా లేదు. స్టాన్లీ రాక్‌మన్, శ్రీలంకకు చెందిన పద్మల్ డి సిల్వా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే ఈ మాట చెప్పారు. 2014లో 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగితే, గడచిన మూడు నెలల్లో ఇలాంటి పిలవని ఆలోచన కనీసం ఒకటైనా వచ్చిందని దాదాపు 94 శాతం మంది చెప్పారు. బావి గట్టున నిలబడితే దూకేస్తానేమో అనిపించడం, పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు జారవిడిస్తే అనిపించడం, గుళ్లో దండం పెడుతుంటే బూతు మాట మెదలడం. చాలామంది "ఛీ, ఇదేం ఆలోచన" అనుకుని వదిలేస్తారు. ఓసీడీ ఉన్న మనిషి వదలలేడు. ఇలాంటిది తట్టిందంటే నాలో ఏదో చెడు ఉంది, దీన్ని ఆపే బాధ్యత పూర్తిగా నాదే అని భుజాన వేసుకుంటాడు. బాధ్యత ఎక్కువగా పట్టించుకునేవాళ్లకే, పాపభీతి ఉన్నవాళ్లకే ఇది గట్టిగా పట్టుకోవడం ఇందుకే.

అన్నిటికంటే బాధపెట్టేది బాలింతల సంగతి. కాన్పు తర్వాత ఈ జబ్బు మొదటిసారి బయటపడటం, ఉన్నది ముదరడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. కత్తిపీట చూడగానే బిడ్డకు గుచ్చేస్తానేమోనన్న ఆలోచన వస్తుంది. ఆమె వణికిపోతుంది. కత్తిపీట అటక మీద పెట్టిస్తుంది, బిడ్డకు నీళ్లు పోయనంటుంది, ఒంటరిగా ఉండనంటుంది. కారణం మాత్రం చెప్పదు. చెబితే బిడ్డను లాగేసుకుంటారని భయం. అత్తగారింట్లో అది గాలి సోకడమో, ఎవరో చేసిన బాణామతో అవుతుంది. తాయెత్తు కడతారు, దర్గాకు తీసుకుపోతారు, అమావాస్యకు చెర్వుగట్టు గుడిలో నిద్ర చేయిస్తారు. గుడికి పోవడం వల్ల నష్టం లేదు. ధైర్యం కూడా రావచ్చు. నష్టం డాక్టర్ దగ్గరికి పోవడం ఆలస్యమైనందువల్ల, బాణామతి పేరుతో ఇంకో మనిషి మీద నింద పడినందువల్ల జరుగుతుంది. ఆ నింద ఎంత దూరం పోతుందో తెలంగాణ పల్లెలకు చెప్పనక్కర్లేదు.

ఆ తల్లికి బిడ్డను చంపాలన్న కోరిక ఏ మూలా లేదు. కోరిక ఉన్నవాళ్లు కత్తిపీట దాచరు. తనకు అత్యంత ప్రియమైనదాని చుట్టూనే ఓసీడీ భయం అల్లుకుంటుంది. అయితే కాన్పు తర్వాత వచ్చే ఇంకో జబ్బుతో దీన్ని కలపకూడదు. తల్లికి లేని గొంతులు వినిపిస్తున్నా, బిడ్డలో దయ్యముందని గట్టిగా నమ్ముతున్నా, నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా అది సైకోసిస్. అప్పుడు తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మడి, అంటు, ఎంగిలి లాంటి ఆచారాల ముసుగులో ఈ జబ్బు ఏళ్ల తరబడి దాక్కుంటుంది కూడా. చావింటికి పోయొచ్చి స్నానం చేయడం ఆచారం. దానికి మొదలు, తుది ఉన్నాయి. తలమీద నీళ్లు పోసుకుంటే అయిపోయినట్టే. ఆ తలుపు గొళ్లెం మైలపడింది, గొళ్లెం ముట్టిన నేను మైలపడ్డాను, నేను నడిచిన వాకిలి మైలపడింది అంటూ సాగి, పొద్దుగూకేదాకా బకెట్లు మోయిస్తున్నది ఆచారం కాదు. ఊళ్లో అదే ఆచారం పాటించే మరో పెద్దావిడను అడిగినా "గంత అవసరం లేదు బిడ్డా" అనే అంటుంది.

కుటుంబం గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి. ఈ జబ్బు ఒక మనిషిలో ఉన్నా ఇల్లంతా దానికి పనిచేయడం మొదలుపెడుతుంది. "తాళం మంచిగ పడ్డదా?" అని భర్త అడుగుతాడు. "పడ్డది తియ్యి, పోదాం పా" అంటుంది భార్య. ఆమెది ప్రేమే. బస్సు పోతుందన్న తొందర కూడా. ఆ జవాబుతో అతను బస్టాండు దాకా వస్తాడు. అక్కడ మళ్లీ అడుగుతాడు, ఆమె మళ్లీ చెబుతుంది. నెల తిరిగేసరికి చెబితే చాలదు, ఆమె కూడా గుంజి చూడాలి. ఆ తర్వాత తాళం ఆమే వేయాలి, వేస్తున్నప్పుడు అతను చూడకూడదు. పండుగకు పుట్టింటికి పోవడమే మానేస్తారు. ఒక్కో మెట్టూ ఇంట్లో గొడవ తప్పించుకోవడానికి ఒప్పుకున్నదే. తాళం ఫోటో తీసుకుని దారిలో చూసుకొమ్మని ఈ మధ్య చాలామంది సలహా ఇస్తున్నారు. జబ్బు లేనివాళ్లకు అది పనికొస్తుంది. ఉన్నవాళ్లు ఫోటోలో కొండి లోపలికి పోయిందా లేదా అని జూమ్ చేసి చూస్తూ కూర్చుంటారు, ఇది ఇవాళ తీసిందేనా అని తారీఖు చూస్తారు. ఇల్లు దాటినా తాళం జేబులోనే వెంట వస్తుంది.

ఇంట్లోవాళ్ల జవాబు కూడా ఇంకో రకంగా తాళం గుంజి చూడటమే. అది అర్థమైన ఇంట్లో చికిత్స తొందరగా పట్టాలెక్కుతుంది. అలాగని ఒక్కరోజులో "ఇక నిన్నడగకు" అని తలుపేసుకోవడం, పదిమందిలో ఎగతాళి చేయడం, చేతులు పట్టుకుని ఆపడం రోగిని ఇంకా కుంగదీస్తాయి. డాక్టర్ ముందు ఇద్దరూ కలిసి ఒప్పందం చేసుకోవాలి. ఆ తర్వాత ప్రశ్న వచ్చినప్పుడు అనాల్సింది ఇలాంటి మాట: "దీనికి జవాబు చెప్పొద్దని సార్ కాడ అనుకున్నం గదా. నీకు బుగులైతుందని నాకెరికే. నేను నీ పక్కనే ఉన్న." ఆ మాటలో తాళం ఊసు ఎక్కడా లేదు, మనిషికి ఆసరా మాత్రం ఉంది.

ఈ ఒప్పందం వెనుక ఉన్నది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్స. భయాన్ని ఎదుర్కోవడం, ఎదుర్కొన్నాక అలవాటైన పనిని చేయకుండా ఆపుకోవడం దాని సారాంశం. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ మేయర్ 1966లో ఇద్దరు రోగుల మీద దీన్ని నడిపి ఫలితం చూపించారు. అంతకుముందు ఈ జబ్బుకు మందు లేదన్న నిరాశే ఎక్కువ. ఇవాళ ఓసీడీకి మాటలతో, సాధనతో చేసే చికిత్సల్లో దీనికున్నంత ఆధారం మరోదానికి లేదు. సరిగ్గా చేసినవాళ్లలో సగానికి పైగా మందికి బాగా ఊరట దొరుకుతుంది.

తాళం భయానికి అది ఇలా నడుస్తుంది. ముందు రోగీ థెరపిస్టూ కలిసి భయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుస పెడతారు. ఇంట్లో మనుషులుండగా బీరువా తాళం వేసి, గుంజకుండా పక్క గదిలోకి పోవడం తొలి మెట్టు కావచ్చు. తర్వాత ఇంటి తాళం వేసి వీధి చివరి కిరాణా దాకా, ఆపైన సంతకు, చివరికి రెండు రోజుల పెళ్లికి. ప్రతి మెట్టులోనూ తాళం ఒక్కసారే వేయాలి, గుంజకూడదు, ఎవరినీ అడగకూడదు. చాలామంది జారిపోయేది మరోచోట. చేత్తో గుంజడం మానేసి, వేసిన క్షణాన్ని మనసులో సినిమా రీలులా వెనక్కి తిప్పి చూసుకుంటారు. అదీ చూడటమే, అదీ ఆపాలి. గాబరా లేస్తుంది, చెమటలు పడతాయి, వెనక్కి పోవాలని కాళ్లు లాగుతాయి. తట్టుకుని నిలబడితే కొంతసేపటికి దాని ఊపు తగ్గుతుంది. ఒక్కోరోజు తగ్గకపోవచ్చు. తగ్గకపోయినా సంతలో కూరగాయలు బేరమాడి తెచ్చుకోగలిగితే ఆ రోజు సాధన జరిగినట్టే. "తాళం తప్పకుండా పడే ఉంటుంది" అని ధైర్యం చెప్పుకోవడం కూడా ఇందులో లేదు. పడిందో లేదో నూటికి నూరు పాళ్లు తెలియదు, తెలియకుండానే పోతున్నాను అనగలగడం నేర్చుకోవాలి. మిగతా మనుషులంతా రోజూ చేస్తున్నది అదే.

మందులు రెండో దారి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవాక్సమిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మొదట రాస్తారు. పాత మందు క్లోమిప్రమిన్ కూడా బాగా పనిచేస్తుంది, దుష్ఫలితాలు కొంచెం ఎక్కువ. ఇవి నిద్రమాత్రలు కావు, వీటికి బానిసలవడం ఉండదు. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు కంటే ఓసీడీకి తరచూ ఎక్కువ కావాలి, పూర్తి ఫలితం తెలియడానికి పది, పన్నెండు వారాలు పడుతుంది. మనవాళ్లు పదిహేను రోజులు వాడి "గుణం కనవడ్తలేదు" అని ఆపేయడం, లేదా తగ్గగానే చెప్పకుండా మానేయడం వల్లే ఎంతోమందికి మందు పని చేయలేదన్న పేరు మిగులుతుంది. తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు కొనసాగించి, డాక్టర్ చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. జబ్బు ముదిరినప్పుడు మందూ ఈఆర్‌పీ కలిపి నడపడం మేలు.

ఎంతమందికి ఉంది? బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనుల్లో ఓసీడీ దాదాపు 0.8 శాతం అని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. ఆ నిష్పత్తే ఇక్కడా ఉంటుందనుకుని, 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల దాదాపు 75 లక్షల జనాభాలో పెద్దలను మాత్రమే తీసుకున్నా ముప్పై నలభై వేల మంది లెక్కకొస్తారు. ఇది అంచనా మాత్రమే. సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో మానసిక వైద్యం అంటే హైదరాబాద్ ఎర్రగడ్డే. ఆ పేరు ఎత్తితేనే పెళ్లి సంబంధం తప్పిపోతుందన్న భయం. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రుల్లో ఓపీ చీటీ తీసుకుని మానసిక విభాగానికి పోవచ్చు. ఈఆర్‌పీ నడిపించగల క్లినికల్ సైకాలజిస్టులు జిల్లాల్లో చాలా తక్కువ. ఇది నిజమైన లోటు, మందుల సరఫరాతో తీరేది కాదు. ప్రభుత్వం కొత్త కళాశాలల్లో ఈ పోస్టులు నింపితే ఎన్నో ఇళ్లు తెరిపిన పడతాయి. అప్పటిదాకా 14416 ఒక ఆసరా. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు అది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ వైద్య బీమా ఇవ్వాలని కంపెనీలను ఆదేశిస్తోంది.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చికిత్స దారి తప్పేది అక్కడే. సిగ్గుపడి "నిద్ర పడ్తలేదు సార్, గుండెదడ" అని మాత్రమే చెబితే నిద్రకు, దడకు మాత్రలు రాస్తారు. చేతులు పగిలాయని చర్మం డాక్టర్ దగ్గరికి పోతే పూత మందు వస్తుంది. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసుకుపోవచ్చు: ఏ ఆలోచన వస్తోంది, అది వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు, రోజుకు ఎంతసేపు పోతోంది, చేయకుండా ఆపుకుంటే ఏమవుతోంది. మానసిక వైద్యులు వాడే పది ప్రశ్నల కొలమానం కూడా దాదాపు ఇవే అడిగి, సున్నా నుంచి నలభై దాకా మార్కులు వేస్తుంది. దేవుడి మీద బూతు మాట, బిడ్డ మీద కత్తి, పక్కింటి మనిషి మీద పాడు ఆలోచన, ఏదైనా ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు. ఈ మాటలు వాళ్లకు కొత్త కావు. వెంట ఇంట్లోంచి ఒకరు పోవాలి, తామెన్నిసార్లు "పడ్డది తియ్యి" అని చెబుతున్నారో కూడా అక్కడ చెప్పాలి.